పెన్‌డ్రైవ్ మెడ దగ్గరే విరుగుతుంది: జిరాక్స్ షాపులో నలిగిన పెన్‌డ్రైవ్‌ల మీద నా రివ్యూ

గుంటూరు బ్రాడీపేటలో నాకో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. చుట్టూ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, కాబట్టి పొద్దున తొమ్మిదింటికి షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి కట్టేసేదాకా నా చేతిలోకి వచ్చే పెన్‌డ్రైవ్‌లకి లెక్కుండదు. ఇప్పుడు వాట్సాప్‌లో పంపేవాళ్ళు ఎక్కువయ్యారు నిజమే గానీ ప్రాజెక్టు రిపోర్టులు, ఫ్లెక్సీ డిజైన్లు, పెళ్ళి ఆల్బమ్ ఫొటోలు లాంటి పెద్ద ఫైళ్ళు ఇప్పటికీ పెన్‌డ్రైవ్‌లోనే వస్తాయి. మొన్నొక డిగ్రీ అబ్బాయి "అన్నా, ఏది కొంటే ఎక్కువ కాలం వస్తుంది?" అని అడిగాడు. ఇదే ప్రశ్న నన్ను వారానికి ముగ్గురైనా అడుగుతారు, అందుకని నిలబడి ఒక్కొక్కళ్ళకీ చెప్పే బదులు తెలిసిందంతా ఇక్కడ రాసేస్తున్నా. స్పీడు గురించి చెప్పేవాళ్ళు బోలెడు మంది ఉన్నారు, నేను రాసేది జేబులో వేసుకుని తిరిగితే, కింద పడేస్తే, నీళ్ళలో తడిస్తే, రోజుకి ఇరవైసార్లు పెట్టి తీస్తే ఏమవుతుందనేది.

ముందు అసలు విషయం చెప్పేస్తా. ఇన్నేళ్ళలో నా కళ్ళముందు పోయిన పెన్‌డ్రైవ్‌లలో లోపల మెమరీ అరిగిపోయి పోయినవి చాలా తక్కువ. ఎక్కువ భాగం మెడ దగ్గర విరిగి పోయినవే. మెడ అంటే కంప్యూటర్‌లో దూరే ఆ వెండిరంగు ముక్క, వెనక బాడీ కలిసే చోటు. అందరూ ఎన్ని జీబీ అని చూస్తారు, రేటు చూస్తారు, ఆ మెడ ఎలా ఉందో మాత్రం చూడరు.

పోయిన ఏడాది మార్చిలో ఎంటెక్ చదివే ఒకమ్మాయి థీసిస్ ప్రింట్లకి వచ్చింది, తెల్లారితే సబ్మిషన్. అప్పట్లో నా సీపీయూ కౌంటర్ కింద నేలమీదే ఉండేది, పెన్‌డ్రైవ్ ముందు పోర్టులో పెట్టా, పొడుగు ప్లాస్టిక్‌ది, బయటికి రెండంగుళాలు పొడుచుకొచ్చి ఉంది. పక్కన జిరాక్స్ తీసే మా కుర్రాడు పేపర్ బండిల్ తీసుకుని గబగబా తిరిగాడు, మోకాలు తగిలింది, టక్ మని చిన్న శబ్దం, అంతే. తీసి చూస్తే ముందు ముక్క కిందికి వంగిపోయి ఉంది, బాడీ పగిలి సందులోంచి లోపల ఆకుపచ్చ బోర్డు కనపడుతోంది. ఆ పిల్ల మొహం చూస్తే నాకు గుండె జారిపోయింది, తప్పు నా షాపులో జరిగింది మరి. "అన్నా, ఇంకెక్కడా కాపీ లేదు, ల్యాప్‌టాప్ సర్వీసుకి ఇచ్చా" అంది, అంటూనే ఏడ్చేసింది.

మెల్లగా బ్లేడుతో పై డొప్ప విప్పా. యూఎస్‌బీ 2.0, అంటే పాత, నెమ్మది రకం కనెక్టర్‌కి నాలుగే పిన్నులుంటాయి, ఒకటి 5 వోల్టుల కరెంటు, ఒకటి గ్రౌండు, మధ్యలో రెండు డేటావి. ఆ నాలుగూ బోర్డు మీద చిన్న టంకంతో అతికి ఉంటాయి, అటూ ఇటూ ఇంకో రెండు కాళ్ళు మొత్తం బలాన్ని పట్టుకుంటాయి. ఆమె దాంట్లో ఆ పక్క కాలొకటి ఊడిపోయింది, డేటా పిన్ను ఒకటి టంకం లేచిపోయి వెంట్రుకవాసి సందు వచ్చింది. ముక్కని వేలితో పైకి నొక్కి పట్టుకుంటే కంప్యూటర్‌లో టింగ్ అని వస్తుంది, వేలు కాస్త కదిలితే పోతుంది. అలా నొక్కి పట్టుకుని కాపీ చేద్దామని చూశా, రెండుసార్లు మధ్యలో ఆగిపోయింది, ఇక లాభం లేదని పక్క వీధిలో సెల్‌ఫోన్ రిపేరు చేసే తమ్ముడి దగ్గరికి పరిగెత్తా. లెన్స్ కింద పెట్టి ఆ పిన్నులకి మళ్ళీ టంకం వేసి ఇచ్చాడు, ఫైళ్ళన్నీ వచ్చాయి, ఒక్క పేజీ కూడా పోలేదు. చిప్పుకి ఏమీ కాలేదు చూడండి, పోయింది వెంట్రుకవాసి టంకం మాత్రమే.

ఆ రోజు నుంచి సీపీయూ కౌంటర్ మీదకెక్కింది. కస్టమర్ల డ్రైవ్‌లు నేరుగా పోర్టులో పెట్టడం కూడా మానేశా, నూటయాభై రూపాయలు పెట్టి ఒక ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని దాంట్లోనే పెడుతున్నా. కేబుల్ మెత్తగా వంగుతుంది కాబట్టి దెబ్బ తగిలినా బలమంతా మెడ మీద పడదు, పోర్టు వదులైనా కేబుల్ మార్చుకుంటే సరిపోతుంది, మదర్‌బోర్డు జోలికి పోనక్కర్లేదు. చాలామందికి తెలియదు, మామూలు పాత యూఎస్‌బీ కనెక్టర్‌ని స్టాండర్డ్ ప్రకారం 1,500 సార్లు పెట్టి తీయడానికి చేస్తారు, ఫోన్లకొచ్చే టైప్ సీ మాత్రం 10,000 సార్లకి. ఇంట్లో వాడేవాళ్ళకి 1,500 అంటే ఏళ్ళు పడుతుంది, నా షాపులో రోజుకి ఇరవైసార్లు వేసుకుంటే రెండున్నర నెలలకే అయిపోతుంది. 1,501వ సారి పనిచేయదని కాదు, అక్కడి నుంచి వదులవడం మొదలవుతుందని. వదులైన పోర్టులో డ్రైవ్ పెడితే కదిలినప్పుడల్లా కనెక్షన్ తెగి కలుస్తుంటుంది, అలా తెగడం రాసేటప్పుడు జరిగితే ఫైళ్ళు పాడవుతాయి.

ఇక నేను వాడిన వాటి సంగతి. అన్నీ నా డబ్బుతో కొన్నవే, ఎవరూ ఊరికే ఇవ్వలేదు.

నాకు బాగా నచ్చింది కింగ్‌స్టన్ డేటాట్రావెలర్ ఎస్ఈ9, 32 జీబీది. బాడీ అంతా లోహం, మూత లేదు, వెనకాల పెద్ద రింగు. నాలుగేళ్ళ పైనే అయింది కొని, అప్పుడు నాలుగొందల లోపే పడింది. షాపు తాళాల గుత్తికే వేలాడుతుంటుంది, బండి తాళంతో, షట్టర్ తాళంతో రోజంతా రాసుకుంటుంది, సిమెంటు నేల మీద పడిన సార్లకి లెక్క లేదు, ఒకసారి మెట్ల మీద నుంచి దొర్లి కాలవ గట్టున ఆగింది. ఇప్పటికీ పెట్టగానే ఓపెన్ అవుతుంది. దాని బలమేంటంటే వంగడానికి సందు లేదు, కనెక్టర్‌నీ వెనక బాడీనీ లోహం గట్టిగా పట్టుకుని ఉంటుంది, రింగు పెద్దది కాబట్టి ఎలాంటి తాళాల గుత్తికైనా పడుతుంది. అయితే తాళాల గుత్తితో పాటు పోర్టులో పెట్టకండి, ఆ బరువంతా వేలాడి పోర్టుని కిందికి లాగుతుంది, నేను రింగులోంచి తీసే పెడతా.

శాన్‌డిస్క్ క్రూజర్ బ్లేడ్ అందరికీ తెలిసిందే, ఆ నలుపు ఎరుపు ప్లాస్టిక్‌ది, మన దగ్గర ప్రతి ఇంట్లో ఒకటి దొరుకుతుంది. ప్లాస్టిక్ కదా అని చులకనగా చూడకండి, తేలిక కాబట్టి కింద పడ్డా దెబ్బ గట్టిగా తగలదు, పొట్టిది కాబట్టి బయటికి ఎక్కువ పొడుచుకు రాదు. బయటికి పొడుచుకొచ్చేది ఎంత తక్కువైతే మెడ మీద అంత తక్కువ బలం పడుతుంది, గడ్డపారతో రాయి లేపడం చూశారుగా, పొడుగు పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది, ఇదీ అంతే. నా దగ్గర రెండున్నాయి, రెండూ నడుస్తున్నాయి. కాకపోతే అది యూఎస్‌బీ 2.0, పెద్ద వీడియోలు ఎక్కించేవాళ్ళకి ఓపిక కావాలి. డాక్యుమెంట్లు, పాటలకైతే ఇంకేం అక్కర్లేదు.

ఫ్లెక్సీ ఫైళ్ళకీ ఫొటోలకీ శాన్‌డిస్క్ అల్ట్రా ఫ్లెయిర్ 64 జీబీ వాడుతున్నా, ఇదీ లోహం బాడీయే, యూఎస్‌బీ 3.0, అంటే స్పీడు ఎక్కువుండే రకం. దీన్ని పోర్టులో సగం దాకా మెల్లగా తోస్తే ఒక్కోసారి కంప్యూటర్ దీన్ని 2.0 లాగానే పట్టుకుంటుంది. ఇది ఈ ఒక్కదానికే కాదు, ఏ 3.0 డ్రైవ్‌కైనా జరుగుతుంది, ఎందుకంటే 3.0కి తొమ్మిది పిన్నులు, పాత నాలుగూ ముందు తగులుతాయి, కొత్త ఐదూ లోపల ఉంటాయి. స్పీడు రాట్లేదు, డ్రైవ్ పోయిందేమో అని నా దగ్గరికి తెచ్చినవాళ్ళున్నారు, తీసి ఒక్క ఊపులో చివరిదాకా పెడితే సరిపోయింది.

శాంసంగ్ బార్ ప్లస్ 128 జీబీ ఏడాదిన్నర నుంచి మా బావమరిది వాడుతున్నాడు, ఫొటోగ్రాఫర్ అతను. నీళ్ళు, దెబ్బ, వేడి, అయస్కాంతం, ఎక్స్‌రే అన్నీ తట్టుకుంటుందని కంపెనీ చెప్తుంది. అయస్కాంతం సంగతి నన్నడిగితే అది ఏ పెన్‌డ్రైవ్‌కీ భయపడాల్సిన విషయం కాదు, లోపల హార్డ్ డిస్కులాగా అయస్కాంతపు పళ్ళెం ఉండదు కదా, ఫ్లాష్ చిప్పు ఉంటుంది. నీళ్ళది మాత్రం అతనికి అక్కరకొచ్చింది, వర్షంలో పెళ్ళి ఊరేగింపులో జేబంతా తడిసి ముద్దైనా డ్రైవ్‌కి ఏమీ కాలేదు.

నీళ్ళ గురించి ఇంకొంచెం చెప్పాలి, అందరింట్లో జరిగేది ఇదే. చొక్కా జేబులో మర్చిపోతారు, వాషింగ్ మెషిన్‌లో వేస్తారు, అప్పుడు గుర్తొస్తుంది. నాకూ జరిగింది, జీఎస్టీ ఫైళ్ళున్న డ్రైవ్. మా ఆవిడ "ఏమండీ, ఇదేదో జేబులో టకటకలాడుతోంది" అని తెచ్చిచ్చేసరికి ఒక రౌండు అయిపోయింది. కంగారు పడకండి. డ్రైవ్‌లో బ్యాటరీ లేదు, కరెంటు పారకపోతే నీళ్ళు లోపల వెంటనే ఏమీ కాల్చలేవు. చాలామంది చేసే తప్పేంటంటే బతికిందో లేదో చూద్దామని తడి ఆరకముందే పెట్టేస్తారు, అప్పుడు షార్ట్ అవుతుంది, చంపేది ఆ క్షణమే. నేను ముందు మంచినీళ్ళలో ముంచి సబ్బు నురగ పోయేలా కడిగా, ఎందుకంటే సబ్బు పౌడరు ఎండి పిన్నుల మీద తెల్లగా పేరుకుంటే తర్వాత తుప్పు పట్టిస్తుంది, ఆ తర్వాత గుడ్డతో తుడిచి రెండు రోజులు ఫ్యాను కింద పెట్టా, ఎండలో కాదు. మూడో రోజు పిన్నులు మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌తో దూదితో తుడిచి పెడితే అన్నీ ఉన్నాయి. మూతుండి లోపల బోర్డు విడిగా ఉండే రకాలకి నాలుగైదు రోజులు ఆరనివ్వండి, తడి సందుల్లో దాక్కుంటుంది.

లోపలి సంగతి కూడా రెండు ముక్కలు చెప్తా, కొనేటప్పుడు పనికొస్తుంది. పాత తరహా డ్రైవ్‌లో చిన్న బోర్డు ఉంటుంది, దాని మీద మెమరీ చిప్పు, దాన్ని నడిపే కంట్రోలర్ చిప్పు, పక్కనే వెండి గొట్టంలాంటి చిన్న క్రిస్టల్. ఆ క్రిస్టల్‌లో ఉండేది పల్చటి క్వార్ట్జ్ పలక, గట్టి నేల మీద పడితే చిట్లే అవకాశం ఉంది, అది పోతే మెమరీ నిక్షేపంలా ఉన్నా డ్రైవ్ కదలదు. రిపేరు తెలిసినవాడు ఆ ముక్క మార్చి బతికించగలడు. కొత్తగా వచ్చే చాలా చిన్న డ్రైవ్‌లలో ఇవేవీ విడిగా ఉండవు, మెమరీ, కంట్రోలర్, పిన్నులు అన్నీ కలిపి ఒకే నల్ల ముద్దగా పోసేస్తారు. ఇవి నీళ్ళకీ దెబ్బలకీ బాగా ఆగుతాయి, వంగి టంకం ఊడే గొడవ లేదు. కానీ ఒకసారి చచ్చిందంటే డేటా తీయడం చాలా కష్టం, ఆ ముద్దని గీకి లోపలి సన్నటి చుక్కలకి తీగలు అతికించాలి, మన ఊళ్ళో చేసేవాళ్ళు నాకు కనపడలేదు, పెద్ద ఊళ్ళకి పంపితే వేలల్లో అడుగుతున్నారు. అందుకే నా లెక్కలో ముద్ద రకం దెబ్బలకి గట్టిది, బోర్డు రకం చచ్చినా బతికించడానికి వీలైనది, ఏది కావాలో మీ పని బట్టి చూసుకోవాలి. జేబులో వేసుకుని తిరిగేదానికి నేను ముద్ద రకమే తీసుకుంటా.

నాకు అస్సలు నచ్చనివి మూడు రకాలు. ఒకటి మూత రకం, వారంలో మూత పోతుంది, ఆ తర్వాత జేబులోని దూదీ దుమ్మూ అంతా కనెక్టర్‌లోకే వెళ్తుంది. రెండోది బొటనవేలితో ముందుకి తోసే స్లైడర్ రకం, ఒక కంపెనీది ఫోన్‌కీ కంప్యూటర్‌కీ రెండిటికీ పనికొస్తుందని ఇష్టపడి కొన్నా, ఏడు నెలలకి లోపల లాక్ అయ్యే చిన్న ప్లాస్టిక్ పన్ను అరిగిపోయింది, పోర్టులో పెట్టబోతే ముక్క వెనక్కి జారిపోతుంది, ఇప్పుడు వేలితో వెనక అదిమి పెట్టాలి. ఫోన్‌కీ కంప్యూటర్‌కీ కావాలంటే రెండు చివర్లా కనెక్టర్ ఉండి పైన లోహపు రేకు గుండ్రంగా తిరిగేవి వస్తున్నాయి, వాటిలో అరగడానికి పన్ను ఉండదు. మూడోది ప్రచారానికి ఊరికే పంచే పేరు రాసిన డ్రైవ్‌లు, పెళ్ళి ఫొటోలు పెట్టిచ్చే చెక్కపెట్టె డ్రైవ్‌లు. పైకి ఎంతో ముచ్చటగా ఉంటాయి, లోపల ఏ చిప్పు వేశారో ఎవరికీ తెలియదు. మొన్న ఒక దంపతులు ఆరేళ్ళ కిందటి పెళ్ళి వీడియో తెచ్చారు, చెక్కపెట్టెలో పట్టుగుడ్డ మధ్య భద్రంగా ఉంది, గీత కూడా పడలేదు, పెడితే ఫార్మాట్ చేయమని అడుగుతోంది. ఫ్లాష్ మెమరీలో డేటా అంటే సన్నటి గదుల్లో పట్టి ఉంచిన కరెంటు, ఏళ్ళు గడిచేకొద్దీ అది కొద్దికొద్దిగా కారిపోతుంది, చిప్పు నాసిరకమైతే ఇంకా తొందరగా, వేడిలో ఉంటే మరీ తొందరగా. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఫొటోలు కొన్ని వచ్చాయి గానీ తలంబ్రాల వీడియో రాలేదు. ఆవిడ వాళ్ళ నాన్న ఇప్పుడు లేరు, ఆయన ఆ వీడియోలోనే ఉన్నారట. దయచేసి మీ బీరువాలో అలాంటి పెట్టె ఏదైనా ఉంటే ఈ రోజే తీసి హార్డ్ డిస్క్‌లోకి, ఇంకోచోటికి కాపీ చేసుకోండి.

వేడి అన్నానుగా, మా వైపు ఎండల సంగతి తెలిసిందే, మే నెలలో 44, 45 మామూలు, రెంటచింతల వైపైతే చెప్పనక్కర్లేదు. కింగ్‌స్టన్ వాళ్ళు తమ డ్రైవ్‌లు 0 నుంచి 60 డిగ్రీల దాకా పనిచేస్తాయని, ఊరికే ఉంచితే 85 దాకా తట్టుకుంటాయని రాస్తారు. అద్దాలేసి ఎండలో పెట్టిన కారు డ్యాష్‌బోర్డు సులభంగా 60 దాటుతుంది. కారు పాటలకి పెట్టే డ్రైవ్‌లో రాయడం తక్కువ, చదవడమే ఎక్కువ కాబట్టి మెమరీ అరగదు, కానీ వేడి, గతుకుల అదురు, పక్కన కూర్చున్నవాళ్ళ మోకాలు, ఈ మూడూ దాన్ని తింటాయి. కారుకి, ట్రాక్టరుకి, ఆటోకి అయితే గోరంత ఉండే పొట్టి డ్రైవ్ పెట్టుకోండి, తగలడానికేమీ ఉండదు. అదే పొట్టి దాన్ని పెద్ద ఫైళ్ళు కాపీ చేయడానికి వాడితే మాత్రం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, వేడి పోవడానికి చోటే లేదు దానికి.

మెమరీ అరుగుదల గురించి భయపడేవాళ్ళకి ఒక మాట. ఇప్పటి మామూలు డ్రైవ్‌లలో వాడే టీఎల్‌సీ రకం (ఒక్కో గదిలో మూడు బిట్లు పట్టేది) మెమరీ గదుల్ని సుమారుగా వెయ్యిసార్లు చెరిపి రాయొచ్చు అంటారు. 32 జీబీ డ్రైవ్ మొత్తం నింపి చెరపడం రోజుకొకసారి చేసినా ఏళ్ళు పడుతుంది, ఎవరు చేస్తారండీ అలా. కాకపోతే ఫైలు డ్రైవ్‌లోనే ఓపెన్ చేసి గంటలకొద్దీ టైపు చేస్తూ సేవ్ చేస్తూ ఉండకండి, డెస్క్‌టాప్ మీదకి తీసుకుని పని అయ్యాక మళ్ళీ ఎక్కించండి. ఎప్పుడైనా డ్రైవ్ ఉన్నట్టుండి రైట్ ప్రొటెక్టెడ్ అని చూపించి చెరపనివ్వక, రాయనివ్వక మొండికేస్తే చాలాసార్లు అది కంట్రోలర్ చేతులెత్తేసిన గుర్తు, చదవనిచ్చినంత సేపట్లోనే అన్నీ కాపీ చేసుకోండి, దాన్ని బాగుచేయాలని ఫార్మాట్ కమాండ్లతో కుస్తీ పట్టకండి.

ఎజెక్ట్ కొట్టకుండా డ్రైవ్ లాగేయడం గురించి కూడా అడుగుతారు. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి క్విక్ రిమూవల్ అనేదే డీఫాల్ట్‌గా పెట్టారు, అంటే కాపీ పూర్తయ్యాక ఎజెక్ట్ కొట్టకుండా తీసినా మామూలుగా ఇబ్బంది లేదు. కాపీ అవుతుండగా లాగితే మాత్రం ఫైళ్ళ జాబితానే చెడిపోతుంది. లైటున్న డ్రైవ్ అయితే అది మినుకుమనడం ఆగేదాకా ఆగండి. నేనైతే ఇప్పటికీ ఎజెక్ట్ కొట్టే తీస్తా, రెండు సెకన్ల పని.

ఆన్‌లైన్లో 499కే 2 టీబీ అని వచ్చేవి కొనొద్దు, లోపల 8 జీబీయో 16 జీబీయో పెట్టి పెద్ద సైజు చూపించేలా చేస్తారు, నిండేదాకా బాగానే ఉంటుంది, నిండాక ఎక్కించినవన్నీ గాల్లో కలిసిపోతాయి. ఏ డ్రైవ్ కొన్నా మొదటి రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం నింపి చదివించి చూడండి, గంటో రెండు గంటలో పడుతుంది, దొంగ సరుకైతే అక్కడే దొరికిపోతుంది, రిటర్న్ గడువు లోపే పంపేయొచ్చు. వారంటీ కూడా చూసుకోండి, మంచి కంపెనీలు ఐదేళ్ళు ఇస్తున్నాయి, బిల్లు ఫొటో తీసి పెట్టుకుంటే చాలు. అయితే మారుస్తారు అంటే డ్రైవ్‌ని మారుస్తారు, దాంట్లో ఉన్న మీ ఫైళ్ళకీ వారంటీకీ సంబంధం లేదు.

ఆ డిగ్రీ అబ్బాయికి నేను చెప్పింది కూడా ఇదే, లోహం బాడీ, మూత లేనిది, పొట్టిది, రింగున్నది 32 జీబీ తీసుకో, మిగిలిన డబ్బులతో అలాంటిదే రెండోది కొని ప్రాజెక్టు రెండిట్లోనూ పెట్టుకో అని. రెండూ తెచ్చుకుని నా కౌంటర్ మీదే పెట్టి టెస్టు చేయించుకున్నాడు, ఒకటి బ్యాగులో వేసుకున్నాడు, ఒకటి హాస్టల్ ట్రంకుపెట్టెలో పెడతానన్నాడు.